అరటి గింజల కుండీ

ఆపరేషనయ్యాక ఆమె ఇంకా మంచం దిగలేదు. అంతకుముందే తను నాటుకున్న అడవి అరటి గింజల కుండీ ఎదురుగా కిటికీలో ఉంది. దాని మీదికి ఆమె భర్త వంగాడు.

"ఏమేవ్, నీ అరటి మొలిచింది!"

"ఏదీ? జరగండి. ఇదా? అరటి ఆకు చుట్టుకుని వస్తుందండీ. దీనికి రెండాకులున్నాయి. ఇది మిరప మొలక."

"గాలికొచ్చి పడిందేమో."

"గాలి వేలితో గుంట చేసి మరీ నాటిందా?"

"రోజూ కుండీ చూసి మొహం తిప్పేసుకుంటున్నావు. అది చూడటం నావల్ల కాలేదు."

"అరటి గింజ పెంకు గట్టిది. గరుకు కాగితంతో రుద్ది వేసినా నెలలు పడుతుంది."

"సరే, దీన్ని పీకేస్తాలే."

"చెయ్యి తియ్యండి! దాని మానాన దాన్నుండనివ్వండి."

"అలాగే. ఇంతకీ నువ్వు మంచం దిగి ఇక్కడిదాకా ఎలా వచ్చావు?"

"అయ్యో, అవును కదూ! నవ్వింది చాలు, ముందు నన్ను పట్టుకోండి."