నూకాలప్ప సదివిన అంకెలు

నూకాలని, గుడ్లు పొదిగే షెడ్డులో ఊడ్చీది. ఓ మద్దేన్నం ఏటైందంటే, మిషను బెల్లు కొట్టీసిందంట. లోపల ఆరువేల గుడ్లు, ఇంక మూడ్రోజులకి పిల్లలవుతాయనుకో. పంకాలు ఆగిపోనాయి. వేడి వంద దాటకూడదు, దాటిపోతంది. ఆ పంకాల్ని నడిపీది కంప్యూటరు, దాని పని తెలిసిన సింహాద్రేమో గెడ్డ పొంగి అవతలొడ్డున ఉండిపోనాడు. ఆడికి ఫోన్ చేసి, మిషను తలుపు తీసీనా అనడిగింది. తీకప్పా, తేమ పోతే పిల్లలు పెంకులోనే అతుక్కుపోతాయి, నువ్వు కంప్యూటరు కాడికెల్లు, నానిక్కడ ఫోన్లోంచే దాన్ని నడుపుతాను అన్నాడంట. మద్దెన గెడ్డుంటే ఎలా నడుపుతావురా అంది. ఇంటర్నెట్టుకి గెడ్డేటప్పా, నువ్వు రానిస్తే ఒచ్చీస్తాను, తెర మీద నీలం బొమ్మని రెండుసార్లు నొక్కు, అంకెలొస్తాయి, సదువు అన్నాడు.

నూకాలికి ఇంగ్లీషు రాదు, అంకెలొచ్చు. తొమ్మిదంకెలు ఒకటొకటే సదివింది. అది కంప్యూటరు నంబరంట, మనిళ్లకి డోరునంబరు నాగ. కింద ఇంకో నాలుగు, అది తాళం. అదీ సదివింది. తెర మీద కంప్యూటరు ఏదో అడిగింది. సింహాద్రి ఒస్తానంటన్నాడు, రానివ్వాలా అనడుగుతంది, పచ్చది నొక్కప్పా అన్నాడు. నొక్కింది. ఇనండర్రా, తెర మీద బాణం దానంతటదే కదిలిందంట! నూకాలు బెదిరిపోయి మౌసు గట్టిగా పట్టీసుకుంది. ఆడటు లాగుతాడు, ఈవిడిటు లాగుతాది. ఒదిలీయప్పా, అది నానే! అని అరుస్తన్నాడు. ఒదిలింది. బాణం పంకా బొమ్మ దాకా ఎల్లి ఆగిపోనాది. సిగ్నల్ పోయింది, ఫోనూ కట్. వేడి నూటరెండు. నూటరెండున్నర. నూకాలు మిషను అద్దానికి సెయ్యానించింది, కాలిపోతంది. ఓలమ్మ, ఓలమ్మ అనుకుంటా నిలబడిపోనాదంట.

మల్లీ ఫోన్ మోగింది. అప్పా, తాళం సెప్పు! ఇందాకటి నాలుగంకెలే గడగడా అప్పజెప్పింది. తెరుసుకోలేదు. తప్పంటందప్పా, సరిగ్గా సెప్పు! మల్లీ అవే సెప్పింది. తెరుసుకోలేదు. నూటమూడు. అప్పుడు తెర కాసి తేరిపార సూసింది. ఒరే ఆగు, ఇవి ఏరే అంకెల్రా, తాళం మారిపోనాది! ఆడు లోపలికొచ్చి ఎల్లిన ప్రతిసారీ మారిపోద్దంట అది. కొత్తవి సదివింది, పచ్చది నొక్కింది, ఈసారి సేతులు రెండూ ఎనక్కి కట్టీసుకుంది. బాణం ఎల్లింది, నొక్కింది. పంకాలు గుర్రుమన్నాయి. నూకాలు నేల మీద కూలబడిపోయి ఏడిసిందంట.

మూడోనాడు ట్రేలు లాగితే కొన్ని గుడ్లు అలాగే ఉండిపోనాయి, నేదనను. మిగతావన్నీ కీసుకీసుమని పిల్లలే. ఓనరు సింహాద్రికి సాలువా కప్పేడు, గెడ్డవతల కూకుని కాపాడేడని. నిజమే, కాపాడేడు. మరి ఇవతల రానిచ్చిందెవరో? ఆ మాట ఎవరూ అన్నేదు. అందుకే నాను సెప్తన్నాను.