మూడోవంతు

నమాజు చేసి వచ్చిన చెప్పుల కొట్టు యజమాని, చెల్లెలి కొడుకును ఎదురుగా కూర్చోబెట్టాడు.

"అల్లుడూ, నుదుట నమాజు మచ్చ, చేతిలో ఎర్రజెండా! రెండు పడవల మీద కాళ్లేంట్రా?"

"రెండూ పేదవాడి రేవుకే పోతాయి మామయ్యా. వడ్డీ తినొద్దు, పేదలకు జకాత్ ఇమ్మన్నది మన ఖురానే కదా?"

"మరి తండ్రి ఆస్తికి వాటాలు చెప్పిందీ అదే. అంతా అందరిదే అయితే వాటాలెందుకురా?"

"ఒప్పుకున్నా. కొడుక్కి రెండు పాళ్లు, కూతురికి ఒకటి అంది. ఈ కొట్టు తాతయ్యది, ఆయన పిల్లలు మీరిద్దరే. ఆయన పోయిన ఈ ఇరవై ఏళ్లలో మా అమ్మకు చెప్పుల జతైనా అందిందా?"

మామయ్య గడ్డం నిమురుకుంటూ లెక్క వేశాడు.

"మీ పార్టీ వస్తే కొట్టంతా పోతుంది. మీ అమ్మ వస్తే మూడోవంతే. రేపు పొద్దున్నే అమ్మను తీసుకురా, రాసిచ్చేస్తాను."