పంక్చరు ఆపని మందు

తెల్లవారితే జీపుల క్లబ్బువాళ్లు రాళ్లకొండ ఎక్కాలి. పళ్ల డాక్టరుగారు ఈ మధ్యాహ్నం టైర్ల షాపులో బల్ల ముందు కూర్చుని అరగంటయింది. పంక్చరు కాకుండా టైర్లలో పోసే మందు డబ్బాలు ఆరు ఆయన ముందుకొచ్చాయి, ఒక్కటీ ఆయనకు నచ్చలేదు.

“ఈ ఆకుపచ్చ డబ్బా కూడా వద్దా డాక్టరుబాబూ? దీన్ని మించిన సీలెంటు ఊళ్లో ఎవరి దగ్గరా లేదు.”

“మించింది లేదని నువ్వంటున్నావు బాబాయ్.”

“నేనే కాదు, క్వారీ లారీలవాళ్లు కూడా ఇదే పోయించుకుంటున్నారు. వాల్వు పిన్ను తీసి లోపల పొయ్యడమే. బండి నడుస్తుంటే టైరు లోపలంతా పట్టేస్తుంది. మేకు దిగినా, ముల్లు దిగినా చిటికెలో కన్నం పూడిపోతుంది. గాలి ఇంత కూడా పోదు.”

“ఇంత కూడానా?”

“పోదు.”

“కొంచెమైనా?”

“పోదంటే పోదు బాబూ. అదేంటి, మొహం అలా పెట్టారు?”

“ఏం లేదు. ఆ నీలం డబ్బా సంగతేంటి?”

“అది ఇంకా మంచిది.”

“ఛ!”

“ఏంటీ?”

“అబ్బే, గొంతులో ఏదో అడ్డుపడింది. సరే, రాయి కోసుకుని టైరు పక్కన చీలిందనుకో. అప్పుడు?”

“పక్కన చీలితే ఏ మందూ ఆపలేదు. ఉన్నమాట చెప్పాలి కదా.”

“అమ్మయ్య!”

“అమ్మయ్యా?”

“అయ్యయ్యో అన్నాను. అలా చీలే అవకాశం ఎంత ఉంటుంది? సగానికి సగం ఉంటుందా?”

“మీ టైర్లకా? మొన్ననేగా నా దగ్గర కొన్నారు! కత్తి పెట్టి కోసినా తెగవు.”

“నువ్వు మరీ మంచి సరుకు అమ్ముతావు బాబాయ్. నీతో వచ్చిన చిక్కే అది. ఆగు, ఇంటినుంచి ఫోను. ఆఁ, చెప్పు. షాపులోనే ఉన్నా... మీ తమ్ముడా? ఏమంటాడు?... ముందు బండి నాదా? నాదెందుకే! క్లబ్బుకి లీడరు వాడు, వాడే ముందుండాలి... గౌరవమా? ఎవడిక్కావాలే గౌరవం... అహ, కావాలి, కావాలి, ఎందుకక్కర్లేదు... పక్కింటివాళ్లు కూడా చూడ్డానికొస్తున్నారా? మీ పిన్ని కూడానా?... భయమా? నాకా? భలేదానివే! సరే, పెట్టేయ్.”

“అమ్మగారా?”

“ఊఁ. రేపు అందరికన్నా ముందు నన్నెక్కమంటున్నాడట మా బావమరిది.”

“శుభం కదా!”

“ఏం శుభం, నా మొహం. కాస్త ఆ తలుపు దగ్గరగా వెయ్యి.”

“బేరాలొచ్చే వేళ బాబూ.”

“పోనీ గొంతు తగ్గించు. నీ దగ్గర పనిచెయ్యని మందుందా?”

“పనిచెయ్యనిదా?”

“అరవకు! పోసినట్టు కనబడాలి, గాలి మాత్రం ఆగకూడదు. కొండ మొదట్లోనే మేకు దిగి టైరు చప్పబడిపోవాలి. ‘మందు పోయించినా నా ఖర్మ ఇలా కాలింది’ అని నలుగురి ముందూ నెత్తి కొట్టుకుని కిందే కూర్చుంటాను.”

“మేకు దిగకపోతే?”

“అది నేను చూసుకుంటాను. జేబులో నాలుగున్నాయి.”

“నాలుగెందుకూ?”

“ఒక్క టైరే అయితే స్టెప్నీ మార్చి ఎక్కిస్తారు.”

“అలాంటప్పుడు అసలు మందే పోయించకుండా వెళ్లండి.”

“కుదరదు. పోయించనివాణ్ణి కొండ దగ్గరికే రానివ్వనని బావమరిది రూలు పెట్టాడు. వాల్వు విప్పి మరీ చూస్తాడు.”

“రానివ్వకపోతే ఇంకా మంచిదిగా?”

“మందు పోయించడం ఎంతసేపు? అక్కడే నిలబెట్టి వాడే పోస్తాడు, మంచిదే పోస్తాడు.”

“జ్వరమని చెప్పండి.”

“పోయిన నెల జ్వరం. అంతకు ముందు నెల నడుంనొప్పి.”

“నాకు ఇష్టం లేదు, రాను అంటే ఏం పోయింది?”

“ఎవరితో అనను? మా ఆవిడతోనా? మావారికి కొండలెక్కడమంటే మంచినీళ్లు తాగినట్టని వీధంతా చెప్పుకొచ్చింది. బాబాయ్, నాకు భయం. చచ్చేంత భయం. మొన్న సగం వాలులో బండి వెనక్కి జారింది. రెండు బారలు, అంతే. కళ్లు మూసుకుంటే మా పాప కనబడింది. ఇంటికొచ్చి భలే మజా వచ్చిందని చెప్పాను.”

“అయ్యో. మరి నా పన్ను పీకేటప్పుడు మగాడు భయపడకూడదన్నారు కదా?”

“పన్ను నీది కాబట్టి అన్నాను. ఇప్పుడవన్నీ ఎందుకు! ఆ మూల అట్టపెట్టెలో ఎర్ర మూత డబ్బాలు ఉండాలి. గడువు దాటి, చిక్కదనం పోయి ఉత్త నీళ్లయిపోయాయని, కంపెనీకి తిప్పి పంపాలని నువ్వే అన్నావు.”

“అవి లేవు బాబూ.”

“దాచకు.”

“దాచట్లేదు.”

“కంపెనీవాళ్లు పట్టుకెళ్లారా?”

“లేదు.”

“పారబోశావా?”

“లేదు.”

“మరేం, డబ్బాలకి కాళ్లొచ్చాయా?”

“ఆ నీలందే పోయించుకోండి బాబూ, నా మాట విని.”

“నా ప్రాణం మీదికొచ్చి నేనేడుస్తుంటే నీకు నీలం డబ్బా గొడవా! అవి ఏమయ్యాయో చెప్పు.”

“ఎవరికీ చెప్పనని ఒట్టేశాను.”

“ఎవరికేశావు?”

“ఒక్కరికైతే ఈపాటికి చెప్పేసేవాణ్ణి. తొమ్మిదిమందికి వేశాను.”

“తొమ్మిదిమందికా? నాతో కలిపి మా క్లబ్బులో ఉన్నదే పదిమంది కదా!”

“పొద్దున్నుంచి ఒకరి తర్వాత ఒకరు. అందరూ గొంతు తగ్గించమన్నవాళ్లే. అమ్మకూడని సరుకు బాబూ, కానీ కొందరు కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నారు, ఏం చెయ్యను?”

“మా బావమరిది మాత్రం వచ్చుండడు.”

“నేను షట్టరు తియ్యకముందే వచ్చి నిలబడ్డది ఆయనే. నాలుగు టైర్లకీ పోయించి, స్టెప్నీని కూడా వదల్లేదు.”

“వాడా! అంటే... అంటే, రేపు ఆ జనం ముందు కొండెక్కేది?”

“మీరొక్కరే బాబూ. ఇంతకీ ఏది పొయ్యమంటారు, ఆకుపచ్చదా, నీలందా?”