ఊపిరికి తప్పుడు కబురు

విరుదునగర్ ఆస్పత్రిలో ఎనిమిదేళ్ల సంగవికి మాస్కు పెట్టి ఆవిరి మందు పట్టిస్తున్నారు. బయట వరండాలో అత్తను చూస్తుంటే తల్లికి ఒళ్లు మండిపోతోంది.

“పీల్చే మందు బీరువాలో దాచింది నువ్వేనా అత్తా?”

“అవును. బిడ్డ నెలగా బాగుండాది కదా. ఊరికే పీలిస్తే పళక్కమై, అది లేకుండా ఉండలేకపోదా?”

“పీల్చబట్టే బాగుండింది! పరుపులో దుమ్ము లోపలికి పోతే, పగవాడు వచ్చినాడని దాని ఒళ్లు తప్పుగా అనుకుంటాదంట. రక్తంలో కణాలు ఒకదానికొకటి కబురు పంపుకుంటాయంట. దాంతో మూచ్చు, అదే ఊపిరి, పోయే దారి వాచి మూసుకుపోతాది. ఆ కబుర్లను అణిచేదే ఈ మందు. ఆయాసం లేని దినం కూడా పీల్చాల.”

“కబురు ఎవరు మోసేది?”

“ఒంట్లో ఊరే చిన్న చిన్న రసాయనాలు. కంటికి కనబడవు.”

“కనబడనిదాన్ని ఎట్ల నమ్మేది?”

“పొద్దున దాని పెదాలు నీలమైనాయే, అది కూడా కనబడలేదా?”

అత్త గొంతు ఒక్కసారిగా లేచింది.

“మీ మామ కూడా ఇట్లే ఊపిరాడక ఎగరోజి ఎగరోజి పోయినాడు. వంశంలో బలహీనమన్నారు, అంతే. ఈ కబుర్ల మాట నాకు ఒక్కరన్నా చెప్పినారా? పోయిన నెల డాక్టరమ్మ చెప్పేటప్పుడు, నీకేం తెలుస్తాదని నన్ను వెలుపల కూచోబెట్టింది నువ్వు కాదా?”

అది నిజమే.

బిడ్డ తేరుకుందని నర్సు వచ్చి పిలిచింది. కోడలు పక్కకు జరిగి దారి ఇచ్చింది.

“నువ్వు ముందు పో అత్తా. డాక్టరమ్మను అడగాల్సిందంతా నువ్వే అడుగు.”