లెక్కలకు చేతులెత్తినవాడు

ఫిలింనగర్‌లోని లైట్‌మెన్ యూనియన్ హాల్లో, “లెక్కలన్నీ సక్రమం!” అని వేదిక మీది ఆడిటర్ కళ్లజోడు తీయగానే సగం మంది చేతులెత్తారు. చివరి వరసలో, చేతికి కట్టున్న లైట్‌మన్ పక్కవాడి చెయ్యి కిందికి గుంజాడు.

“చెయ్యెందుకెత్తినవయ్యా? నా చెయ్యి కాలింది, దవాఖానకు పైసలడిగితే సంక్షేమ నిధి ఖాళీ అన్నరు. గవి ఏడికి పోయినయో తేలాలె!”

“కళ్లజోడు తీస్తే ఎత్తమన్నారండీ. ఎత్తాను.”

“అసలు నువ్వు లైట్‌మన్‌వేనా?”

“జూనియర్ ఆర్టిస్టునండీ. మేమంతా సభ్యుల వేషానికి వచ్చాం. బిరియానీ కూడా ఉందట.”

“వేషమా! నడువ్, గా ఆడిటర్ సాబ్‌కు చెప్తువు!”

“వాడా? వాడు నా రూమ్మేటండీ! నిన్నటిదాకా నా పక్కనే శవం వేషం వేశాడు. ఇవాళ వాడికి డైలాగిచ్చారు. నాకు పుట్టి బుద్ధెరిగాక ఒక్క డైలాగూ రాలేదు.”

“మీకు పేమెంటు ఏడికెళ్లి ఇస్తున్నరు?”

“ఏదో సంక్షేమ నిధటండీ. అందులో బోలెడుందన్నారు.”

“ఎవడన్నడు?”

“పేరు చెబితే పేమెంటు పోతుందండీ.”

“జర ఇను. నేనిస్త నీకు డైలాగు. ఒక్క పేరే. క్లోజప్పు. లైటు నేనే కొడ్త.”

“నిజంగానా! కళ్లలో నీళ్లు పెట్టమంటారా?”

“వద్దు. గట్టిగ చెప్పు, చాలు.”

మూలనున్న షూటింగ్ లైటు భగ్గున వెలిగింది. పక్కవాడు జుట్టు సర్దుకుని కుర్చీ ఎక్కాడు.

“మమ్మల్ని తెచ్చింది మీ అధ్యక్షుడు... బసవపున్నయ్య!”