బాలింత గదిలో పొయ్యి

మహాదేవప్ప అరుగెక్కి నోరు విప్పాడంటే చిరాగ్‌పల్లిలో ఎవరి పనులైనా ఆగాల్సిందే. ఆ సాయంత్రం చలికి ముడుచుకుంటూ పక్కింటి విరూపాక్ష, ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చిన వీధి కుర్రాడు జగన్‌మోహన్ ఆయన ఎదుట చేరారు. గడప లోపల, పదకొండు రోజుల పసిదాన్ని ఒళ్లో పెట్టుకుని కూతురు సుమిత్ర వింటోంది. ఆమెకు నవ్వు రావడం లేదు. బాలింతకు చలి తగలకూడదని నిన్న గదిలో ఇనుప పొయ్యి రాజేసి తలుపేశారు. గంటకే ఆమెకు తల నొప్పితో పగిలిపోయింది, పిల్ల పాలు తాగనే లేదు. వద్దు మొర్రో అంటున్నా వినకుండా, తలుపుల్లేని ఆ గది కిటికీకి నాన్న ఇవాళ గోనెసంచి కూడా కొట్టాడు. పొయ్యి మళ్లీ గడప దాకా వచ్చింది.

"ఫికర్ ఎందుకు బిడ్డా? నువ్వు పుట్టినప్పుడు గీ గదిలనే పొయ్యి ముట్టిచ్చిన. ఒక్కటే అగ్గిపుల్ల! అడుగుకు ఎండిన కంది కట్టె, మీద తుమ్మ మొద్దు, నడుమ గాలికి సందు. సందు ఇడువకుంటె ఎంత మంటైనా ఊపిరాడక సస్తది. ఇరవై ఒక్క దినాలు ఆరనియ్యలే. తలుపు బంద్, కిటికి బంద్. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? గోడ అవతలికి కాక కొట్టుడు షురువైంది. బొంబాయి రోడ్డు మీద లారీలోళ్లు బండ్లాపి, మన గోడకు కంబళ్లు ఆరేసుకున్నరు."

"ఎన్ని లారీలుంటయ్?" జగన్‌మోహన్ అమాయకంగా అడిగాడు.

"జహీరాబాద్ దాక లైను! గదేం జూసినవ్, మొగుడంపల్లిల మామిడి చెట్లు రెండు నెలల ముందుగాల్నే పూత పట్టినయ్. రాయికోడ్‌ల ఒకామె పాలగిన్నె వాకిట్ల పెడితె ఉత్తగనే పొంగినయంట. ఆఖరికి సూర్య దేవుడే దిగొచ్చి, మహాదేవప్పా, జర తగ్గించు, నాకు పని లేకుంటైతుంది అన్నడు."

"మరి నువ్వేమంటివి కాకా?" అన్నాడు విరూపాక్ష.

"నా బిడ్డకు చలి పెడుతది, నువ్వే సెలవు పెట్టుకో అన్న."

అందరూ నవ్వారు. ఆయన లేచి పొయ్యి ఎత్తబోయాడు. భార్య భాగీరథి వచ్చి గడపకు అడ్డంగా నిలబడింది. ఇరవై ఆరేళ్లుగా ఈ కథ వింటూ ఏనాడూ నోరెత్తని మనిషి.

"సూర్య దేవుడు వచ్చిండో లేదో నాకెరుక లేదు. నేను పొయ్యి పొగకు సోయి తప్పి పడున్న. బిడ్డ నీలబడ్డది. గొడ్డలి తెచ్చి గా కిటికి తలుపులు పలగ్గొట్టిందెవరు? మళ్ల తలుపులు పెట్టనియ్యందెవరు? నువ్వు గాదా? పొయ్యికి గాలి కావాలె అంటివి గద. పసిదానికి అక్కర్లేదా?"

ఆ కిటికీ అలా ఉండడం నాన్న పిసినారితనమని సుమిత్ర ఇన్నాళ్లూ అనుకుంది. ఆ నీలబడ్డ బిడ్డ తనే. ఆమె పసిదాన్ని గట్టిగా హత్తుకుంది.

చెప్పి చెప్పి తన కథను తనే నమ్మేసిన మహాదేవప్పకు గొడ్డలి మాట వినగానే అసలు జరిగింది గుర్తొచ్చింది. లోపలికెళ్లి గోనెసంచి పీకేశాడు. పొయ్యి మోసుకెళ్లి వాకిట్లో పెట్టాడు. కంది కట్టె పేర్చి, పైన నీళ్ల గిన్నె పెట్టి, అగ్గిపుల్ల గీశాడు. ఆరిపోయింది. రెండోదీ ఆరింది, మూడోదీ ఆరింది. ఎవరూ నవ్వలేదు.

నాలుగో పుల్లకు అంటుకుంది. తన భుజం మీది కంబళి తీసుకెళ్లి కూతురికి కప్పాడు.

"నీళ్లు కాగినంక నేనే తెస్త," అన్నాడు ఆమె ముఖంలోకి చూడకుండా. "తలుపు మాత్రం ఎయ్యకు బిడ్డా."