ఆదాం పాట ఉన్న డిస్కు

అరిగిపోయిందని మాత్రం అనకు బాషా! అరిగిపోతే బొమ్మ ఎట్లా వస్తుంది? నిక్షేపంలా వస్తోందిగా. మా ఆయన నోరు తెరుస్తున్నాడు, చెయ్యి ఊపుతున్నాడు, పక్కన తబలా అతను దరువేస్తున్నాడు. గొంతు మాత్రం లేదు. గొంతొక్కటే ఎట్లా అరిగిపోద్దయ్యా?

పనిగట్టుకుని చేశారు ఇది. చేసిందెవరో కూడా నాకు తెలుసు.

నీ రిపేరు కొట్లోనే కూర్చుంటాలే, ఆ స్టూలు ఇటు జరుపు. నువ్వు దాన్ని చూస్తూ ఉండు, నేను చెబుతూ ఉంటాను. మిరపకాయలకి తొడిమలు తీసే పని మానుకుని మరీ వచ్చా ఈ పూట. ఆదివారం లోపల దీనికి సౌండు రావాలి. రాకపోతే నేను సంఘంలో తలెత్తుకోలేను.

ఆదివారం ఏముందా? మా ఆయన ఆదాం పోయి ఏడాది. జ్ఞాపకార్థ కూడిక. చర్చిలో గోడకి పెద్ద టీవీ పెట్టారుగా, దాంట్లో ఇది వేయిస్తాను. అందరూ చూస్తుండగా. మా మరిది ప్రకాష్ చూస్తుండగా.

పత్తి చేను పాట నువ్వూ వినే ఉంటావు. పత్తి తీసే కూలోళ్ళు దేవుడితో మొర పెట్టుకునే పాట. మావాళ్ళే కాదు, మీ వీధి ఆడోళ్ళు కూడా చేలో కూనిరాగం తీస్తారు. అది రాసిందెవరు? మా ఆదాం. నేను ఎక్కడికి పోయినా "రెబ్కమ్మ గారొచ్చారు, పాట రాసినాయన భార్య" అని కుర్చీ వేసేవాళ్ళు. ఆయన నాకు ఇంకేం పెట్టిపోయాడు చెప్పు? ఒక డాబా, ఒక పాట. అంతే.

మొన్న సంఘంలో పాటల పుస్తకం మళ్ళీ అచ్చేద్దామనుకున్నారు. ప్రతి పాట కిందా రాసినవాళ్ళ పేరు ఉండాలన్నారు పాస్టరు గారు. నేను లేచి, "ఆదాం అని వేయండి" అన్నా. ప్రకాష్ లేచాడు. "వదినా, ఆ పాట నాది. అన్నయ్య పాడాడంతే" అన్నాడు. అంతమంది ముందు! అన్న బతికున్నన్నాళ్ళూ నోట్లో బెల్లం గడ్డ పెట్టుకుని కూర్చున్నాడా వీడు? అన్న మట్టిలోకి పోగానే నోరు పెగిలిందా?

అందరూ తలలు దించుకున్నారు. వాడికి భయపడ్డారనుకున్నా.

అప్పుడు గుర్తొచ్చింది ఈ డిస్కు. మా ఇంటి గృహ ప్రతిష్ఠ రోజున మా ఆయన ఈ పాట నలుగురి ముందు మొదటిసారి పాడాడు. ప్రకాష్ కూతురు ఆరాధన కెమెరాతో తీసి, వాళ్ళింట్లో కంప్యూటర్ మీద తనే డిస్కు చేసి ఇచ్చింది. మా పాత డీవీడీ ప్లేయర్లో శుభ్రంగా పలికేది. అది చెడిపోతే మా అల్లుడు శ్యామ్ సుందర్ టీవీకి తగిలించే ఈ మీడియా ప్లేయర్ డబ్బా తెచ్చాడు. డిస్కులోదంతా పెన్ డ్రైవులోకి ఎక్కించి పెట్టాడు. ఇదిగో, మూగనోము.

అల్లుడు డిస్కుని కంప్యూటర్లో తెరిచి చూపించాడు. లోపల రెండు ఫోల్డర్లు. ఒకటి వీడియో అంట, నిండా ఉంది. ఇంకోటి ఆడియో అంట. తెరిస్తే ఖాళీ! ఊడ్చిపెట్టినట్టు ఖాళీ. ఇంకేం సాక్ష్యం కావాలి? పోయిన ఈస్టరుకి ఆరాధనే వచ్చి, "పెద్దమ్మా, ఒకసారి చూసి ఇస్తా" అని పట్టుకెళ్ళింది. తండ్రి చెప్పుంటాడు, కూతురు తుడిచేసుంటుంది.

ఊరుకుంటానా? స్త్రీల కూడికలో ముగింపు ప్రార్థన నాకిచ్చారు. కళ్ళు మూసుకుని గట్టిగా ఎత్తుకున్నా. "ప్రభువా, చనిపోయిన పెదనాన్న గొంతు తుడిచేసిన ఆ చేతుల్ని నువ్వే చూడు తండ్రీ. ఆ కంప్యూటర్ చదువు సంగతి నువ్వే చూడు తండ్రీ." పేరు ఎత్తలేదు. ఎత్తే పనేముంది, ముందు చాప మీద ఆరాధన కూర్చునే ఉంది. అందరూ ఆమేన్ అన్నారు. అదీ ఆమేన్ అంది! ప్రార్థనకి ఎవరు ఎదురు చెబుతారు? అందుకేగా ప్రార్థనలో పెట్టింది.

ఏంటీ?

అన్ని డిస్కుల్లోనూ ఆ ఫోల్డరు ఖాళీగానే ఉంటదా? ఏదీ, ఆ సినిమా డిస్కు పెట్టు. ఇదీ ఖాళీ. ఇంకోటి పెట్టు. ఇదీనా! మరెందుకయ్యా ఆ ఫోల్డరు, మాబోటివాళ్ళ కొంపలు ముంచడానికా? సౌండు కూడా బొమ్మతో పాటు ఆ వీడియోలోనే ఉంటదా? ఈ రకం డిస్కు మీద ఒకసారి రాస్తే తుడవడం కూడా కుదరదా?

సరే, సరే. ఆరాధన తుడవలేదు. ఒప్పుకున్నా. ఏం, ప్రార్థన వెనక్కి తీసుకోమంటావా? అట్లాంటి పద్ధతి మాలో లేదు.

మరి గొంతేమైనట్టు? ఆ పిల్ల సౌండుని వేరే రకంలో పెట్టిందా. ఏసీ త్రీనా? ఏదైతే ఏంలే. ఈ డబ్బాకి ఆ రకం తెలియదా. తెలియాలంటే డబ్బా చేసినవాళ్ళు లైసెన్సు తీసుకోవాలా? బాగుందయ్యా! బొమ్మ ఆడించడానికి అడ్డం లేదు, మాట దగ్గరికొచ్చేసరికి లైసెన్సా? మార్చు నాయనా, ఆ డబ్బాకి తెలిసిన రకంలోకి మార్చు. బొమ్మ జోలికి పోకు.

అది మారేలోపు, ఆదివారం నేనేం చేస్తానో చెబుతా విను. ప్రకాష్‌ని ముందు వరసలో, ఫ్యాను కింద కూర్చోబెడతా. మర్యాదగానే. ఆయన గొంతు లేవగానే నేను టీవీ వంక చూడను, వాడి మొహమే చూస్తా. ఫ్యాను కింద కూడా చెమటలు పట్టాలి వాడికి. పాట అయ్యాక మైకు వాడి చేతికే ఇచ్చి, "ఇప్పుడు చెప్పరా, ఎవరిది పాట?" అంటా. వదిన మరిదిని అట్లా అంటుందా అనకు. ఆ రోజు అంటుంది.

వచ్చిందా! ఆగు, ఆయన లేచి నిలబడ్డ దగ్గర్నుంచీ పెట్టు. సౌండు పెంచు.

అమ్మో, ఆయనే. ఆ దగ్గు విను. జిన్నింగు మిల్లులో పత్తి నుసి మింగీ మింగీ, మాట్లాడేముందు దగ్గనిదే గొంతు లేవదు. ఏడుస్తున్నానయ్యా, అవును. ఏడాదైంది ఈ గొంతు విని.

ఏమన్నాడు?

మళ్ళీ పెట్టు.

ఇంకోసారి పెట్టు బాషా.

"ఈ పాట రాసింది నా తమ్ముడు ప్రకాష్. వాడికి నలుగురిలో నిలబడాలంటే సిగ్గు, అందుకని నేను పాడుతున్నా. మా రెబ్కాకి మాత్రం చెప్పకండి. ఇంట్లో పాడుకుంటుంటే విని, నేనే రాశాననుకుని ఈమధ్య కూరలో మంచి ముక్కలన్నీ నాకే వేస్తోంది." అదేగా అన్నాడు? నువ్వూ అదేగా విన్నది?

తర్వాత ఆ నవ్వు. అంతమంది నవ్వు. పాస్టరు గారి నవ్వు కూడా వినబడుతోంది చూడు.

నేనెక్కడున్నానా? ఇంటెనకాల గాడిపొయ్యి దగ్గర. ఆ నవ్వినోళ్ళందరికీ వండుతున్నా. పాట మొదలయ్యాక గరిటె వదిలేసి పరిగెత్తుకొచ్చా.

డిస్కు ఇన్నిసార్లు చూసి ఈ మాటలు ఎందుకు వినలేదంటావా? ఆరాధన దీన్ని పెట్టగానే టీవీ మీద నొక్కడానికి గళ్ళు వచ్చేట్టు చేసింది. ప్రార్థన, వాక్యం, పాట, భోజనాలు. నేనెప్పుడూ పాట గడే నొక్కేదాన్ని. సరిగ్గా ఆయన పాట ఎత్తుకునే దగ్గర మొదలయ్యేది. ఈ మాటలు దానికి ముందే ఉండిపోయాయి. కావాలనే చేసిందయ్యా ఆ పిల్ల, నా చెవిన పడకూడదని.

జాలి! సంఘమంతా కలిసి జాలిపడ్డారు నామీద. నేను మా ఆయన పాట, మా ఆయన పాట అని చెప్పుకు తిరుగుతుంటే కుర్చీలు వేసి కూర్చోబెట్టారు. మొన్న తలలు దించుకుంది ఇందుకా. నాకు ఒళ్ళు మండిపోతోంది బాషా. తిట్టినా ఇంత మండేది కాదు.

ఆయనకైనా ఏం పుట్టింది? ఆ తర్వాత ఏదో ఒక రోజు, అన్నం తింటూ చెప్పొచ్చుగా. ముక్కలన్నీ తిన్నాడు. మాట మింగాడు.

ప్రకాష్‌కా? ఇచ్చేస్తాలే వాడి పాట వాడికి. పుస్తకంలో వాడి పేరే వేసుకోమంటా. వాడిని క్షమించమని మాత్రం అడగను. అన్న పక్కన చేరి వాడూ నవ్వాడు, అదిగో, పళ్ళన్నీ కనబడుతున్నాయి.

ఒక పని చెయ్. ఈ మాటల దగ్గర సౌండు తీసెయ్. అవును, తీసెయ్యమనే అంటున్నా. పాటకి ఉంచు. ఈ కాసిన్ని మాటలూ, ఆ నవ్వూ మాత్రం ఇందాకట్లాగే మూగగా ఉండాలి.

ఆదివారం ఇది వేసి, ఇక్కడ ఆపి, ఒక్కొక్కళ్ళనీ పేరు పెట్టి లేపుతా. "ఆ రోజు మీరు అక్కడే ఉన్నారుగా, మా ఆయన ఏమంటున్నాడో కాస్త చెప్పండి, నాకు వినబడట్లేదు" అంటా. పాస్టరు గారితోనే మొదలుపెడతా. "ప్రార్థన చేసుకుందాం" అని కళ్ళు మూసుకున్నా వదలను.

అట్లా చూడకు. ఆయన్ని నేనింకేం చెయ్యగలను, మట్టిలో ఉన్నాడు. నవ్వినోళ్ళు బతికే ఉన్నారుగా.